తలుపు గురించి అర్జీ

గల్ఫ్ యుద్ధం రోజుల్లో, సౌదీలో ధహ్రాన్ నుంచి యాన్బు పోయే బస్సులో నా పక్కన జగిత్యాల వైపు వడ్రంగి ఒకాయన కూర్చున్నాడు. విషవాయువు దూరకుండా క్వార్టర్ల తలుపుల సందులకు టేపు అంటించి వస్తున్నాడు. ఊళ్ళో ఇంటిపన్ను కట్టలేదని పంచాయతీవాళ్లు అతని వాకిలి తలుపే పీక్కుపోయారట. కలెక్టరుకు అర్జీ రాసిపెట్టమన్నాడు.

"బాకీ లేదని రాయనా?" అన్నాను.

"బాకీ ఉన్నది సారూ, కడ్త. గని ఇంట్ల ఆడోళ్లుండంగ తలుపెట్ల పీక్కపోతరు? గదొక్కటే రాయుండ్రి."

నేను రాస్తున్నంతసేపూ అతను కుదురుగా కూర్చోలేదు. బస్సు ఆగినప్పుడల్లా లేచి వెళ్లి, ఎవరో తెరిచి వదిలేసిన తలుపు మూసి వచ్చేవాడు.

రాయడం అయ్యాక సంచిలోంచి టేపు తీసి, కవరు నాలుగంచులూ గాలి చొరకుండా అంటించాడు. దాన్ని అవతల ఎవరైనా విప్పారో లేదో నాకిప్పటికీ తెలియదు.