క్లచ్ మామ ఎడమ కాలు

మెకానిక్ క్లచ్ మామ ఏనాడూ కొలతకు స్కేలు పట్టిన మనిషి కాదు. పాత కారు షెడ్డుకొస్తే చెప్పు విడిచి, ఎడమ పాదంతో క్లచ్ పెడల్ తొక్కేవాడు. పెడల్ ముందు కాస్త ఖాళీగా దిగి, ఆ తర్వాత బిగుసుకోవాలి. ఆ బిగిసే చోటు ఆయన అరికాలికి ఇట్టే తెలిసిపోయేది. దాన్నిబట్టి కేబుల్ చివర నట్టు తిప్పేవాడు. ఇన్నేళ్లలో ఎవరిచేతా మాట పడలేదు.

ఆరోజు మాత్రం ఒకే కారు మళ్లీ మళ్లీ తిరిగొచ్చింది.

"గేరు వేస్తే గరగరమంటోంది మామా. క్లచ్ ఇంకా వదులుగానే ఉంది," అన్నాడు ఓనరు.

"నా కాలికే పాఠాలు చెబుతావా?" అని కసిరి, మామ ఎక్కి తొక్కాడు. కాలు ఏమీ చెప్పలేదు. ఈమధ్య అది ఏమీ చెప్పడం లేదు. ఆ సంగతి ఆయనా ఎవరికీ చెప్పలేదు. ఇంతలో పెడల్ మీద పాదం జారింది.

"దీని దుంపతెగ, ఆయిల్ ఎక్కణ్ణుంచి కారుతోంది?"

అప్పుడే క్యారియర్ తెచ్చిన భార్య గుడ్డతో పెడల్ తుడిచి, ఆ గుడ్డ వంక చూసింది.

"ఇది ఆయిల్ కాదండీ."

అరికాలు తిప్పి చూస్తే, తలదాకా దిగిన స్క్రూ ఉంది. పొద్దున్నుంచీ దాంతోనే తొక్కుతున్నాడు. మామ పరాయివాళ్ల కాలు చూసినట్టు చూసి, పట్టకారుతో స్క్రూ లాగేసి, గుడ్డ చుట్టుకున్నాడు. నొప్పి లేదు. భయమూ లేదు.

"నువ్వెక్కు," అన్నాడు స్పానర్ అందుకుంటూ.

"నాకేం తెలుసండీ?"

"చెప్పు విడిచి తొక్కు. ఎక్కడ బిగిసిందో నాకు చెప్పు."