పత్యానికి కరిగిన కండ

ఎల్లారెడ్డి గంజ్ మార్కెట్‌లో ముత్తయ్య వడ్ల బస్తా ఎత్తి పడేస్తే లారీ కుంగేదని చెప్పుకునేవాళ్లు. కొంత కోతలే కావచ్చు, కానీ ఆ భుజాలు చూసినవాళ్లెవరూ కాదనరు. అలాంటి మనిషి నిరుడు చాప మీద నుంచి లేవడానికి భార్య భూమక్క చెయ్యి అడిగాడు. పొట్ట ఉబ్బింది, కాళ్లు పుల్లలయ్యాయి. ఎప్పుడో ఒంట్లో చేరిన వైరస్ కాలేయాన్ని గట్టిపరిచిందని కామారెడ్డి డాక్టరు అంతకుముందే చెప్పాడు.

మాది వాళ్ల పక్కిల్లు. భూమక్క పత్యం పట్టిందంటే యముడికైనా ఉప్పు వేయదు. కాలేయం జబ్బంటే కామెర్లే అనుకుని, కామెర్ల మనిషికి పప్పు వాతం, గుడ్డు వేడి, పెరుగు పడదు అంటూ అన్నీ మాన్పించింది. పొద్దు గుంకకముందే పలచని జావ, మళ్లీ తెల్లారాకే. తానూ అదే తాగేది. ఆమె ప్రేమకు వంక పెట్టలేం, నా కోపమంతా ఆ పత్యం మీదే.

మళ్లీ చూపించడానికి వెళ్లినప్పుడు నేనూ తోడు వెళ్లాను. చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమన్నాడు డాక్టరు. ముత్తయ్య లేవలేక తల దించుకున్నాడు. ఏం తింటున్నాడని అడిగితే భూమక్క గర్వంగా జావ సంగతి చెప్పింది.

డాక్టరు కసరలేదు. పేగుల్లోని సూక్ష్మజీవుల వల్ల అమోనియా అనే విషం పుడుతుందట. దాన్ని కడిగే పని కాలేయానిది. అది చేతకానప్పుడు కొంత పని కండ నెత్తికెత్తుకుంటుందట. పేగు గోడ బలహీనపడి మలినాలు నెత్తురులోకి జారితే ఆ కండే కరుగుతుందట. రాత్రంతా కడుపు మాడితే ఒళ్లు తన కండనే తింటుందట. పప్పు, పెరుగు, గుడ్డు పెట్టమన్నాడు, పడుకునే ముందు కూడా ఏదైనా తినిపించమన్నాడు. విరేచనం సాఫీగా అయి ఆ విషం బయటికి పోవడానికి సిరప్ రాశాడు. ఉప్పు తగ్గించడం ఒక్కటే మెచ్చుకున్నాడు.

వింటుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. బస్తాలు మోసిన కండ, ఎవరూ చెప్పకుండానే, కాలేయం బరువు కూడా మోస్తోందా! నా ఒంట్లోనూ ఇంత జరుగుతుంటే నేనేమో పొద్దంతా పక్కింటి సంగతులు పట్టించుకుంటున్నాను.

తిరుగు బస్సులో భూమక్క ఒక్కటే మాట అంది.

"నేను పత్యం పత్యం అనుకుంట గా కండకే బువ్వ బంద్ చేసిన."

ఆ సాయంత్రం నుంచే వాళ్లింట్లో పెసరపప్పు ఉడికింది. కాలేయం మళ్లీ మునుపటిలా అవుతుందని డాక్టరు అనలేదు, కాలేదు కూడా. ముత్తయ్య మాత్రం రోజూ వాకిట్లో కొంచెం కొంచెం నడిచాడు. చలికాలం పోయి ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం నేను అక్కడ ఉండగానే, అన్నం తిన్న మనిషి నేలకు చెయ్యి ఆనించి, ఒక మోకాలు ఎత్తి, వణుకుతూ లేచి నిలబడ్డాడు. భూమక్క చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఏందే, గట్ల చూస్తున్నవ్?" అన్నాడు.

ఆమె వంగి, ఆయన బక్కచిక్కిన తొడను రెండు చేతులతో తాకి, కళ్లకద్దుకుంది.