విత్తనపు కుండ

ఇన్నేళ్ళుగా ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. అందుకే రాస్తున్నాను.

అద్దంకి దగ్గర మా చేలో అప్పట్లో నాటుకాయ పండేది. పొట్టిగా, నల్లెరుపుగా ఉండే మిరపకాయ. ఏటా మొదటి కోతలో మంచి కాయలు అమ్మ ఏరి, ఎండబెట్టి, వేపాకు వేసి కుండలో దాచేది. మరుసటేడు నారు ఆ గింజలతోనే. కొన్న విత్తనం మా చేలో ఎప్పుడూ పడలేదు.

తొంభైల చివర్లో ఒక ఏడు గుంటూరు మిర్చి యార్డులో మా బస్తాల దగ్గరికి ఒక వ్యాపారి వచ్చాడు. కాయ విరిచాడు. నాలుకకు తగిలించను కూడా లేదు, వెలుతురుకు పట్టి చూశాడు.

"రంగు లేదు బాబాయ్."

"ఘాటు చూడవయ్యా, కళ్ళమ్మట నీళ్ళొస్తాయి."

"నీళ్ళెవరిక్కావాలి? బస్తీల్లో ఇప్పుడంతా ప్యాకెట్ కారమే. కూర ఎర్రగా కనపడాలి, నోరు మండకూడదు. రంగుకాయ వెయ్యి."

పక్కనున్న రైతులు ముగ్గురు నవ్వారు. ఆ మొహాలు నాకిప్పటికీ గుర్తే.

మరుసటేడు రంగుకాయ వేశాను. యార్డులో దింపీ దింపగానే అమ్ముడుపోయింది. వేసవిలో ఆ కారంతో ఆవకాయ కలపబోతే అమ్మ వేలికి రాసుకుని నాకి చూసింది.

"ఒరేయ్, ఇది కారమట్రా, కుంకుమా?"

మా ఆవిడ అటకమీది విత్తనపు కుండ వైపు చూసి, నావైపు చూసింది.

"దించు. ఆ కాయ ఇంకెవడిక్కావాలి?" అన్నాను.

ఆ మాట అన్నది నేనే, ఒప్పుకుంటాను. కుండలో కాయలన్నీ రోట్లో పడ్డాయి. ఆ ఏడు ఆవకాయ బ్రహ్మాండంగా కుదిరింది.

నాలుగేళ్ళు తిరక్కుండా అదే వ్యాపారి మా బస్తాలు చూసి పెదవి విరిచాడు.

"రంగు అందరూ తెస్తున్నారు బాబాయ్. ఇప్పుడు ఘాటు అడుగుతున్నారు. మీ పాత నాటుకాయ లేదూ?"

"వద్దన్నది నువ్వేగా!"

"నేనా? తినేవాళ్ళు వద్దన్నారు. మధ్యలో నాదేముంది?"

చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాను. సిగ్గు విడిచి, నవ్విన ఆ ముగ్గురి ఇళ్ళకూ వెళ్ళాను. వాళ్ళ అటకల మీదా కుండలు ఖాళీయే. చివరికి ఘాటుకాయ విత్తనం కొట్లో కొనుక్కొచ్చి వేశాను. పంట చేతికొచ్చాక అమ్మ ఒక కాయ కొరికి ఉమ్మేసింది. ఒట్టి మంటే గానీ మా నాటుకాయ రుచి అందులో లేదు.

వ్యాపారిని అడిగితే తినేవాళ్ళంటాడు. ఆ తినేవాళ్ళను నేనెన్నడూ చూడలేదు. మీలోనే ఉండి ఉంటారు. మళ్ళీ నారు పోసే అదను వస్తోంది. ఈసారి మీకేం కావాలి? అప్పట్లో రంగు కావాలన్నది ఎవరు? ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పండి.