టాడ్ గోర్కా పట్టిన బంతి

సరస్సు ఒడ్డున ఈరీ పట్టణంలో ఆ ఏడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే హామర్స్ జట్టు పేరెత్తితే జనం ముందు నవ్వేవారు, తర్వాత తిట్టేవారు. సెప్టెంబరులో మొదలైన ఓటములు అక్టోబరు దాటుతున్నా ఆగలేదు. సరస్సు మీంచి చలిగాలి మొదలయ్యేసరికి స్టేడియంలో సగం బెంచీలు ఖాళీ. వచ్చిన వాళ్ళలోనూ కొందరు కిరాణా కాగితం సంచులకు కళ్ళ దగ్గర చిల్లులు పెట్టి తలకు తగిలించుకుని వచ్చేవారు. హామర్స్ ఆట చూస్తూ ఎవరి కంటైనా పడితే పరువు పోతుందని వాళ్ళ బాధ.

ఆ జట్టులో ముందు వరుసకి ఎడమ చివర టాకిల్‌గా నిలబడేవాడు టాడ్ గోర్కా. ముప్పై అయిదేళ్ళ మనిషి. ఆ ఊరి పోలిష్ పేటలోనే పుట్టి, తండ్రి ఇనుము పోతపోసే ఫౌండ్రీ పొగలో పెరిగాడు. పదకొండేళ్ళుగా ఈ ఒక్క జట్టుకే ఆడుతున్నాడు. అతని పని చెప్పుకుంటే ఒక్క ముక్క. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి అవతలివాళ్ళు దూసుకొస్తుంటే అడ్డం నిలబడాలి. అంతే. తను బంతి పట్టడు, విసరడు. ముందు వరుసవాడు బంతి పట్టాలంటే బంతి లేవకముందే రిఫరీకి చెప్పుకోవాలి, రిఫరీ ఆ మాట అవతలి జట్టుకూ చెప్పేస్తాడు. అందుకే ఆ జోలికి ఎవరూ పోరు. పని సరిగ్గా చేసినంతకాలం టాడ్ ఎవరికీ కనబడడు. ఎప్పుడైనా తప్పు చేస్తేనే మైకులో అతని అంకె, డెబ్భై ఆరు, వినబడేది.

ఆట లేని నెలల్లో మామగారు ఇగ్నాస్ మాంసం దుకాణంలో పనిచేసేవాడు. ఆటలున్న నెలల్లోనూ సోమవారం సెలవు గనుక దుకాణానికే వచ్చేవాడు. ఇగ్నాస్ లోపలి గది నుంచి పొగబెట్టిన పందితొడలు ఒక్కొక్కటే విసిరేవాడు, టాడ్ కౌంటరు దగ్గర పట్టుకుని కొక్కేలకు తగిలించేవాడు. నడిచివెళ్ళి అందించడం ఆ ముసలాయనకు బద్ధకం.

వరసగా ఆరో ఓటమి తర్వాతి సోమవారం మిసెస్ స్లివా సాసేజ్ కోసం వచ్చింది. టాడ్‌ని చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి.

"ఏం నాయనా, సాసేజ్ ఊరికే ఇస్తున్నారా?"

"ఊరికే ఎందుకిస్తామండీ?"

"ఆదివారం ఆట చూశాను కదా! అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పాయింట్లు పంచిపెట్టేశారు. దుకాణంలోనూ అదే పద్ధతేమో అనుకున్నా."

క్యూలో ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. టాడ్ కూడా నవ్వాడు. కాకపోతే ఆమె వెళ్ళాక కత్తిని పలక మీద కొంచెం గట్టిగానే పెట్టాడు.

మర్నాడు కోచ్ మెర్ల్ డకెట్ పిలిపించాడు.

"కూర్చో టాడ్."

"నిలబడడమే నా ఉద్యోగం కదా కోచ్, చెప్పండి."

డకెట్‌కి నవ్వు రాలేదు. "లూయీవిల్ వాళ్ళు నిన్ను అడిగారు. వాళ్ళ టాకిల్‌కి మోకాలు పోయింది. ఈ ఏడు కప్పు వాళ్ళదే, ఊళ్ళో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. వెళ్ళావంటే పదకొండేళ్ళ కష్టానికి చివర్లో కప్పు గెలిచినవాళ్ళకిచ్చే ఉంగరమైనా వేలికి పడుతుంది. నీ మంచి కోరే చెబుతున్నా."

ఒక్క క్షణం టాడ్ కాళ్ళు నిజంగానే తేలికయ్యాయి. గెలిచే జట్టు! ఆదివారం సాయంత్రం తల దించుకోకుండా ఇంటికి పోవడం ఎలా ఉంటుందో అతను మరిచిపోయి చాలా కాలమైంది. కానీ వెంటనే క్లైడ్ ప్రూయిట్ గుర్తొచ్చాడు. ప్రూయిట్ ఆ ఏడే జట్టులోకి వచ్చిన క్వార్టర్‌బ్యాక్. అంతకు ముందు వారం టాడ్ చీలమండ మెలికపడి సగం ఆట బయట కూర్చుంటే, బదులు నిలబడ్డవాడు అవతలివాళ్ళను ఆపలేకపోయాడు. ప్రూయిట్ పక్కటెముకలు కమిలిపోయి గడ్డిలో పడి ఊపిరికోసం కొట్టుకున్నాడు. అది టాడ్ బెంచీ మీంచి చూశాడు.

"నేను పోతే ఎడమవైపు ఎవరు?"

"ఎవరో ఒకర్ని చూస్తాం."

"ఆ ఎవరో ఒకణ్ణి చూశాను కదండీ మొన్న. నన్ను పంపితే ఆట మానేస్తాను కోచ్. లూయీవిల్ విమానం ఎక్కను. ఈ కుర్రాణ్ణి చంపుకోవడానికి మీరు తయారుగా ఉన్నా నేను లేను."

"నీకు బుర్ర చెడింది," అన్నాడు డకెట్. కానీ లూయీవిల్‌కి కుదరదని ఫోన్ చేశాడు.

ఇంటి దగ్గర ఇరీన్ ఊరుకోలేదు. పొయ్యి మీద పిరోగీలు వేగుతున్నా అటు చూడకుండా మొగుడి వైపు తిరిగింది.

"నన్ను ఒక్క మాట అడిగావా?"

"లేదు."

"అడిగితే పొమ్మనేదాన్ని."

"అందుకే అడగలేదు."

ఆమెకు కోపం వచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. నవ్వును మింగేసి అంది: "సరే, ఉన్నావు. ఉన్నవాడివి ఉత్సాహంగా ఉండు. ఓడిపోయిన ప్రతివారం ఇంట్లో చావు మొహం పెట్టుకుని తిరిగావో, నేనే నిన్ను లూయీవిల్‌కి పార్సిల్ కట్టి పంపిస్తా."

విషయం ఊళ్ళో పాకింది. కప్పు కాదనుకుని ఓడిపోయే జట్టులో ఉండిపోయిన మనిషిని కొందరు పిచ్చోడన్నారు. మిసెస్ స్లివా మాత్రం ఏమీ అనకుండా ఆ వారం ఆపిల్ కేకు తెచ్చి కౌంటరు మీద పెట్టి వెళ్ళింది.

ఓటములు ఆగలేదు. పదమూడు ఆటలు ఆడితే పదమూడూ పోయాయి. కానీ ప్రూయిట్ నిలబడ్డాడు. టాడ్ అడ్డం నిలబడ్డంతసేపు ఆ కుర్రాడికి నిదానంగా చూసి విసరడానికి కాస్త వ్యవధి దొరికేది. వారం వారం అతని విసురు చక్కబడడం టాడ్‌కి తెలుస్తూనే ఉంది.

డిసెంబరులో చివరి ఆట సొంత ఊళ్ళో, అదీ లూయీవిల్‌తో. ఆ రోజు ఉదయం నుంచే మంచు. అయినా జనం వచ్చారు. కొందరు సంచులు తెచ్చారు గానీ మంచుకు తడిసి చిరిగిపోతే మొహాలతోనే కూర్చున్నారు.

టాడ్‌కి ఎదురుగా నిలబడ్డవాడు డెల్మర్ యాన్సీ. గుమ్మానికి సరిపడే మనిషి, నోరు అంతకన్నా పెద్దది. "మా దగ్గరికి రావాల్సింది తాతా! మా బెంచీ దగ్గర వెచ్చగా హీటర్లున్నాయి," అన్నాడు మొదటి తోపులాటకే.

"నువ్వు వెళ్ళి కాచుకో మరి. ఇవాళ నీకు ఇక్కడ పనేం లేదు," అన్నాడు టాడ్.

అన్నట్టే సాయంత్రం దాకా యాన్సీ చెయ్యి ప్రూయిట్‌కి తగలలేదు. మంచులో తోపులాడుకుని ఇద్దరి జెర్సీలూ బురదరంగుకి తిరిగాయి. ఆట ఇంకో నిమిషంలో ముగుస్తుందనగా లూయీవిల్ నాలుగు పాయింట్లు ముందుంది. హామర్స్ కిందామీదా పడి, దాటితే ఆరు పాయింట్లు వచ్చే గీతకు మూడు గజాల దూరానికి వచ్చారు. మూడుసార్లు తోశారు, గోడకు తోసినట్టే అయింది. నాలుగింటిలో మిగిలింది ఒక్క అవకాశం, గడియారంలో నాలుగైదు క్షణాలు.

డకెట్ ఆట ఆపించి అందర్నీ పిలిచాడు. జట్టు యజమాని తనను తీసేయబోతున్నాడని ఆయనకు తెలుసు. పోయేవాడికి భయమేముంది!

"వాళ్ళ కళ్ళన్నీ బంతి పట్టేవాళ్ళ మీదే ఉన్నాయి. టాడ్, వెళ్ళి రిఫరీకి చెప్పు, నువ్వు బంతి పడతావని."

జట్టంతా నోరు తెరిచింది.

"వాళ్ళకీ తెలిసిపోతుంది కదా కోచ్?" అన్నాడు ఒకడు.

"తెలియనీ. పదకొండేళ్ళలో వీడివైపు చూసినవాడు ఒక్కడున్నాడా? ఇవాళా చూడరు."

ప్రూయిట్ దగ్గరికి వచ్చాడు. చలికి పెదాలు నీలం. "టాడన్నా, పడతావా?"

"నువ్వు విసురు. మా మామ విసిరే పందితొడకన్నా నీ బంతి బరువేం కాదు."

రిఫరీ మైకులో డెబ్భై ఆరో నంబరు బంతి పట్టవచ్చునని చెప్పాడు. యాన్సీ పెద్దగా నవ్వాడు. "వీడా? ఎరగా పెట్టార్రా, అటు చూడండి, అటు!" అని తనవాళ్ళకు కేకేశాడు.

బంతి లేచింది. టాడ్ ఎప్పటిలాగే యాన్సీని గుద్దాడు, తర్వాత జారినట్టు మంచులో మోకాళ్ళ మీద పడ్డాడు. ముసలాడు పడ్డాడనుకుని యాన్సీ అతన్ని దాటి ప్రూయిట్ మీదికి ఉరికాడు. టాడ్ లేచి పక్కకు తిరిగి గీత వైపు నడిచాడు. పరుగని చెప్పడానికి లేదు, బరువైన నడకే. చుట్టూ ఎవరూ లేరు. అంత ఖాళీ స్థలంలో ఆటలో ఎన్నడూ నిలబడని మనిషి బంతి కోసం వెనక్కి తిరిగాడు.

యాన్సీ మీదపడుతుండగానే ప్రూయిట్ విసిరాడు. బంతి వంకర్లు తిరుగుతూ, మంచు తెరలోంచి ఊగుతూ వచ్చింది. టాడ్ చేతులు చాచలేదు. దుకాణంలో చేసినట్టే రెండు మోచేతులూ దగ్గరకు చేర్చి పొట్టకేసి అదిమాడు. బంతి అక్కడే ఆగింది. అతను గీతకు అవతల నిలబడి ఉన్నాడు, గడియారంలో సమయం అయిపోయింది.

అప్పుడు పుట్టిన అరుపు పడవల రేవు దాకా వినబడిందంటారు. మైకు మనిషి "టచ్‌డౌన్! టాడ్ గోర్కా!" అన్నాడు, ఆపకుండా మళ్ళీ అన్నాడు, గొంతు బొంగురుపోయినా అన్నాడు. టాడ్ బంతిని ఏం చేయాలో తెలియక రిఫరీకి మర్యాదగా అప్పజెప్పబోయాడు. ఆయన తీసుకోలేదు. "ఉంచుకోవయ్యా!" అని వీపు తట్టాడు.

జనం గోడలు దూకి మైదానం నిండారు. టాడ్‌ని భుజాల మీదికి ఎత్తబోయి అయిదుగురు మంచులో కూలబడ్డారు. యాన్సీ తోపుకి మంచులో పడి ఉన్న ప్రూయిట్‌ని టాడ్ తనే లేపి భుజానికెత్తుకున్నాడు. గోల్ స్తంభాన్ని పెకలించి స్టేట్ వీధి వెంట సరస్సు దాకా ఊరేగించారు. ఏడాదంతా ఓడిన జట్టుకి కప్పు గెలిచినంత సంబరం చేసింది ఆ ఊరు.

ఆ సాయంత్రం పోలిష్ క్లబ్బు హాల్లో అకార్డియన్ మోగింది. ఇరీన్ టాడ్ చెయ్యి పట్టుకుని నడిమధ్యకి లాక్కొచ్చింది. అతని మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. అయినా పాట మీద పాట ఆడాడు, ఆమె కాళ్ళు తొక్కాడు, తిట్లు తిన్నాడు.

డకెట్ ఉద్యోగం పోయింది. ప్రూయిట్ చేతిలో హామర్స్ తర్వాతి ఏళ్ళలో గెలవడం నేర్చుకున్నారు. టాడ్ ఇంకో రెండేళ్ళు ఆడాడు. మళ్ళీ ఒక్కసారి కూడా బంతి అతని చేతికి రాలేదు, అతను అడగనూ లేదు.