మూడోసారి తట్టలేదు

మా ఇంట్లో దయ్యాల కబుర్లు మొదలైతే ముందు నవ్వేది నేను, తర్వాత విసుక్కునేదీ నేనే. ఎవరికో ఏదో కనబడిందంటే కళ్ళజోడు పవర్ చూపించుకోమనే రకాన్ని. ఇప్పటికీ అంతే. కాబట్టి కింద రాసేది నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నా పరువు పోయే భాగంతో సహా. నిజం చెప్పాలంటే ఆ భాగం కోసమే రాస్తున్నాను.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు ఇంకా లేని రోజులు. మాది గుంటూరు జిల్లా. ఉప్పల్‌లో రెండు గదుల పోర్షన్ అద్దెకు తీసుకుని, హబ్సిగూడ మీదుగా నాచారం పారిశ్రామికవాడకు స్కూటర్ మీద వెళ్ళేవాణ్ణి. అక్కడో చిన్న కంపెనీ. కింద రేకుల షెడ్డులో కార్డులు తయారయ్యేవి, పైన అద్దాల గదిలో మేం ప్రోగ్రాములు రాసేవాళ్ళం. మోటార్లు, పంపులు నడుస్తున్నప్పుడు ఎంత అదురుతున్నాయో కొలిచే కార్డులవి. మోటారుకు ఒక సెన్సర్ అతికిస్తారు, కార్డు కంప్యూటర్‌లో ఉంటుంది, ఆ అదురు తెర మీద గీతగా కనబడుతుంది.

ఆ కార్డుకూ కంప్యూటర్ మెమరీకీ మధ్య దారి వేయడం నా పని. మామూలుగా అయితే ప్రాసెసరే కార్డు దగ్గరికి పోయి ఒక్కొక్క అంకే మోసుకురావాలి. మా కార్డు అంకెలు కుమ్మరించేది, ప్రాసెసర్‌కు తెమిలేది కాదు. అందుకని ప్రాసెసర్‌ను పక్కన పెట్టి, కార్డే నేరుగా మెమరీలో రాసేలా ఏర్పాటు చేయాలి. దాన్ని డీఎంఏ అంటారు. కంప్యూటర్‌ను నడిపించే లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ లోపల జరిగే ఈ పనిని బయటి ప్రోగ్రామర్లు వాడుకోవడానికి కొన్ని ఫంక్షన్లు తయారుచేసి ఇవ్వాలి.

నేను నాలుగంటే నాలుగే ఇచ్చాను. మెమరీలో చోటు అడగడం, మొదలుపెట్టడం, ఆపడం, చోటు తిరిగి ఇచ్చేయడం. ఎవరైనా ఒక పూటలో నేర్చుకోవచ్చు. మా ఎండీ గారు వచ్చిన ప్రతి కస్టమర్‌కూ "మా వాడు నాలుగు ఫంక్షన్లలో తేల్చేశాడండీ" అని చెప్పేవారు. మాన్యువల్ మొదటి పేజీలో నా పేరు వేయించారు. ఆ పేజీ జిరాక్స్ తీసి ఊరికి కూడా పంపించాను, అంత మురిసిపోయాను.

కింద షెడ్డులో కార్డులకు సోల్డరింగ్ చేసి, పరీక్షించి పైకి పంపేది స్వరూప. జనగామ వైపు నుంచి వచ్చి పీర్జాదిగూడలో ఉండేది. బెంచీ దగ్గర అందరూ ఆమెను స్వరూపక్క అనేవాళ్ళు. నాకంటే నాలుగేళ్ళు పెద్దదైనా నేను మాత్రం పేరు పెట్టే పిలిచేవాణ్ణి. మేం కోస్తా వాళ్ళం ఎక్కువగా పైన, తెలంగాణ వాళ్ళు ఎక్కువగా కింద. ఆ తేడా నాకు అప్పట్లో కనబడలేదు, పైన ఉన్నవాడికి కనబడదు.

కార్డు పనిచేస్తోందో లేదో చూడాలంటే సెన్సర్‌ను వేలితో తడతారు. గీత ఎగిరితే ప్రాణం ఉన్నట్టు. అందరూ ఎలా పడితే అలా తట్టేవాళ్ళు. స్వరూపకు మాత్రం ఒక పద్ధతి ఉండేది. రెండుసార్లు తట్టి, గీత మళ్ళీ చదునయ్యేదాకా చూసి, అప్పుడు మూడోసారి తట్టేది. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"గీత పండుకోవాలె గద సార్. పండుకోకముందే తడితే ముందటి దెబ్బ ఏదో, ఎనుకటి దెబ్బ ఏదో ఎట్ల తెలుస్తది?"

ఇంకొక గుర్తు కూడా ఉంది. ఆమె చూపుడువేలికి రాగి ఉంగరం ఉండేది. వేలు ముడిచి తడితే ముందు ఉంగరం తగిలేది, వెంటనే కణుపు తగిలేది. గీత మీద మొదట సూదిలాంటి మొన, దాని పక్కనే చిన్న దిబ్బ వచ్చేవి. మా కంపెనీలో ఇంకెవరి తట్టుకూ ఆ రెండూ వచ్చేవి కావు.

ఒకరోజు ఆమె మెట్లెక్కి పైకి వచ్చింది. కార్డు మీద ఒక చిన్న పచ్చ లైటు ఉంటుంది, కార్డు మెమరీలో రాసినప్పుడల్లా వెలుగుతుంది.

"సార్, ఆపు అని కొట్టినంక గూడ లైటు ఒకసారి మినుక్కుమంటున్నది. జర సూడుండ్రి."

"లైటు ఆరడానికి కొంచెం టైమ్ పడుతుందిలే" అన్నాను.

"ఎల్‌ఈడీ గట్ల ఆరదు సార్" అంది.

ఆమె చెప్పింది నిజమే. గదిలో ఇద్దరు జూనియర్లు ఉన్నారు, వాళ్ళు వింటున్నారు. నాకు చురుక్కుమంది. సరే చూస్తానన్నాను, చూడలేదు.

తర్వాత రెండు నెలలకు కస్టమర్ల దగ్గర కంప్యూటర్లు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం మొదలైంది. ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని నా కోడ్ నేనే చదువుకుంటే తప్పు దొరికింది. నా ఆపే ఫంక్షన్ కార్డుకు ఆగమని చెప్పి వెంటనే వచ్చేసేది. కార్డు నిజంగా ఆగిందా అని అడిగేది కాదు. కార్డు చివరి ముక్క ఇంకా మెమరీలో రాస్తుండగానే మేం ఆ చోటును తిరిగి ఇచ్చేసేవాళ్ళం, కెర్నెల్ దాన్ని వేరే పనికి వాడుకునేది. అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయమని చెప్పి, తాళంచెవి తీసుకోకుండానే ఆ గదిలోకి ఇంకొకరిని దింపడం లాంటిది. స్వరూప చూసిన ఆ మినుకు అదే.

సోమవారం ఎండీ గారు అందరినీ కూర్చోబెట్టారు. ఒక పెద్ద కస్టమర్ కార్డులన్నీ వెనక్కి పంపేస్తానన్నాడట. ఆయన నన్నే చూసి, "బోర్డా, సాఫ్ట్‌వేరా? ఒక్క మాటలో చెప్పు" అన్నారు.

"సోల్డరింగ్ ఒకసారి చూసుకుంటే మంచిది సార్" అన్నాను.

అబద్ధం కాదు కదా, చూసుకోమన్నానంతే కదా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధమే. ఆ గదిలో తప్పు ఎక్కడుందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ శుక్రవారం స్వరూపను మానుకోమన్నారు. ఆమె ఒక కార్డు చేతిలో పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "సార్, మీకు తెలుసు గద. నా సోల్డర్‌ల తప్పేడున్నదో సూపెట్టుండ్రి, దిద్దుకుంట" అంది. నేను తెర మీంచి తల తిప్పకుండా, "అది మేనేజ్‌మెంట్ నిర్ణయం స్వరూపా" అన్నాను. ఆమె వెళ్ళిపోయింది.

ఇంతకంటే సిగ్గుమాలిన పని ఆ తర్వాత చేశాను. పదిరోజులకు ఆపే ఫంక్షన్‌ను చడీచప్పుడు లేకుండా సరిచేశాను. కార్డు ఆగానని చెప్పేదాకా ఎదురుచూసేలా మార్చి, మార్పుల జాబితాలో "చిన్న సవరణలు" అని రాశాను. కంప్యూటర్లు బిగుసుకుపోవడం పోయింది. ఎండీ గారు నా భుజం తట్టి, "చూశావా, మనిషిని మార్చగానే ఎలా కుదురుకుందో" అన్నారు. నేను నవ్వాను. నా సవరణే ఆమె తప్పుకు సాక్ష్యమైపోయింది. పారిశ్రామికవాడ చిన్నది, ఒకచోట అన్న మాట పది షెడ్లకు పాకుతుంది. స్వరూప సోల్డర్ నిలవదనే పేరు పాకిపోయింది.

నాలుగైదు నెలలు గడిచాయనుకుంటాను. ఒక శనివారం మధ్యాహ్నం. హాఫ్ డే కాబట్టి షెడ్డు ఖాళీ. తాళాలు వేయడానికి స్టోర్స్ చూసే యాదగిరన్న ఒక్కడు ఉన్నాడు. బయట ఎండ పెళ్ళుమని కాస్తోంది.

కార్డు లేని కంప్యూటర్‌లో మా ఫంక్షన్లు ఎలా నడుచుకుంటాయో పరీక్షించాలి. కార్డు ఊడదీసి, దాని గులాబీరంగు సంచీ మీద నా కళ్ళెదుటే పెట్టుకున్నాను. పది సెకన్ల గీతకు సరిపడా చోటు అడిగాను. అంతా సున్నాలతో నింపాను, నిండాయని చూసుకున్నాను. మొదలుపెట్టమన్నాను. రాయడానికి కార్డే లేదు కాబట్టి "కార్డు లేదు" అని సందేశం రావాలి, గీత చదునుగా ఉండాలి. సందేశం సరిగ్గానే వచ్చింది. గీత చదునుగా లేదు.

మొదట్లోనే రెండు మొనలు ఉన్నాయి. ఒక్కొక్కటీ సూదిలా లేచి, పక్కన చిన్న దిబ్బతో. తర్వాత చివరిదాకా సున్నాలే.

పాత డేటా మిగిలి ఉంటుందనుకున్నాను. కంప్యూటర్ ఆపి, కరెంటు తీగ పీకేసి, టీ తాగి వచ్చి మళ్ళీ పెట్టాను. మళ్ళీ రెండు మొనలు. ఈసారి వాటి ఎత్తులు వేరు, మధ్య ఎడం కొంచెం వేరు. పాతదే మళ్ళీ వచ్చి ఉంటే అంకెకు అంకె సరిపోవాలి. ఇది కొత్తగా తట్టినట్టుంది. పక్క కంప్యూటర్ మీద చేశాను. దానికి ఆ కార్డు ఎప్పుడూ పెట్టలేదు. అందులోనూ రెండు. నా కోడ్ మొత్తం పైనుంచి కిందిదాకా చదివాను, సున్నాలు తప్ప ఇంకో అంకె రాసే వరుస ఒక్కటీ లేదు.

ఇంతలో యాదగిరన్న తాళాల గుత్తితో లోపలికొచ్చి నా భుజం మీంచి తెర చూశాడు. ఏళ్ళ తరబడి ఆ బెంచీ పక్కనే తిరిగిన మనిషి.

"స్వరూపక్క వచ్చిందా ఏంది ఇయ్యాల?" అన్నాడు.

"లేదన్నా, పాత రికార్డింగ్" అన్నాను.

"పాతదైతే మూడోది ఏది?" అని, జవాబు కోసం ఆగకుండా కిటికీలు మూయడానికి వెళ్ళిపోయాడు.

అప్పటిదాకా నేను గమనించలేదు. మూడు పరీక్షల్లోనూ మూడోసారి తట్టలేదు. గీత చక్కగా చదునైంది, అయినా రాలేదు. పది సెకన్లను అరవై చేసి మళ్ళీ నడిపాను. రెండు మొనలు, ఆ తర్వాత నిమిషమంతా ఖాళీ. ఆ ఖాళీ గీత పాకుతుంటే చూస్తూ కూర్చోవడం కంటే కష్టమైన పని నేను చేయలేదు. ఒక ప్రింటు తీసుకుని ఇంటికి వచ్చేశాను.

సోమవారం అవే కంప్యూటర్లు, అదే కోడ్. అన్నీ సున్నాలే. మళ్ళీ ఎన్నడూ రాలేదు. ప్రింటు మాత్రం నా దగ్గర ఇప్పటికీ ఉంది.

ఆమెకేదైనా జరిగిందేమోనని భయం పట్టుకుంది. యాదగిరన్నను అటూ ఇటూ తిప్పి అడిగాను. నిక్షేపంగా ఉందన్నాడు. ఆ మాటతో ఊపిరి పీల్చుకుని, వెళ్ళి కలవాల్సిన పని కూడా తప్పించుకున్నాను. నాకు వేరే ఉద్యోగం వచ్చింది, కొన్నేళ్ళు గడిచాయి. ఉప్పల్ రోడ్డు మెట్రో కోసం తవ్వుతున్న రోజుల్లో, ఒక ఉదయం ఆ దుమ్ములోంచి పీర్జాదిగూడ వెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను. దారిపొడవునా ఒకటే వాక్యం మనసులో అనుకుంటూ పోయాను. తప్పు నాది, మీ సోల్డరింగ్‌ది కాదు.

ఆమె నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తోందట. గూట్లో సోల్డరింగ్ ఐరన్ ఉంది, తీగ నీటుగా చుట్టి ఉంది. వీధిలో వాళ్ళ రేడియోలు, మిక్సీలు బాగుచేస్తుందట. స్వరూపగారూ అని పిలిస్తే, "కొత్తగ గారు అంటున్రేంది సార్" అని నవ్వింది.

ప్రింటు తీసి చూపించాను. ఆ శనివారం సంగతంతా చెప్పాను. నాకు చెప్పడం వచ్చింది ఆ భాగమే. వింత చెప్పడానికి నోరు బాగానే లేచింది.

ఆమె కాగితం వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. "నాదే" అంది. "కార్డు లేకుంట ఎట్ల వస్తది సార్?" తెలియదన్నాను. ఆమె ముఖం మెల్లగా విప్పారింది. "అంటే నా పని మంచిగున్నట్టే గద సార్? నేను లేకున్న గూడ మొన గింత సాఫ్‌గ వచ్చిందంటే?"

అప్పుడు చెప్పాలి. అంతకంటే మంచి సమయం లేదు. "అవును, మీ పని ఎప్పుడూ బాగుండేది" అన్నాను. ఎందుకు తీసేశారో, ఎవరి మాట మీద తీసేశారో చెప్పలేదు. ఆమె ఇచ్చిన టీ తాగాను.

గేటు దగ్గర కాగితం తిరిగి ఇస్తూ, "మూడోది రాలేదేంది?" అని అడిగింది.

"ఎంతసేపు చూసినా రాలేదు."

"రాకుంటే లోపల ఇంక ఏదో ఆగలేదన్నట్టు సార్" అంది, బెంచీ దగ్గర చెప్పినంత మామూలుగా. "మంచిగ సూసుకోండ్రి."

మళ్ళీ వెళ్ళలేదు. ఆ మొనలు ఎలా వచ్చాయో నాకు తెలిసిన శాస్త్రమంతా వెతికాను, దొరకలేదు. ఒక్క వాక్యం నా నోట్లోంచి ఎందుకు రాలేదో కూడా దొరకలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను: ఆ కార్డుల సోల్డరింగ్‌లో ఏ లోపమూ లేదు, తప్పు నా ఆపే ఫంక్షన్‌ది, ఆమె దాన్ని నాకంటే ముందే చూసింది.

స్వరూప ఆమె అసలు పేరు కాదు. ఆమె మంచికోసమే మార్చానని చెప్పుకుంటున్నాను. కానీ చూడండి, నా పేరు కూడా నేను రాయలేదు.