మూడో సర్వర్‌కి బొట్టు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. ఎవరైనా వింత సంగతి చెబితే, చెప్పిన మనిషి ముందురోజు రాత్రి సరిగ్గా నిద్రపోయాడా అని అడిగే రకం నేను. అన్నిటికీ అడ్డుపుల్ల వేస్తానని మా అమ్మ విసుక్కుంటుంది. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే నాకే మొహమాటంగా ఉంది.

జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగంలో పని చేస్తాను. పేషెంట్ల రిపోర్టులన్నీ బయట ఏ కంపెనీ దగ్గరో కాకుండా, మా కింది అంతస్తులో ఐదు సర్వర్ల మీద ఉంటాయి. ఐదూ కలిసి ఒకే యంత్రంలా పనిచేస్తాయి. దాన్నే ప్రైవేట్ క్లౌడ్ అంటారు. పేరు మేఘమే గానీ, ఉండేది చలికి ముక్కు కారే గది.

అప్పుడు మా తమ్ముడి కూతురు అదే ఆసుపత్రిలో పసిపిల్లల వార్డులో ఉంది. నెలలు నిండకుండా పుట్టింది. ఇంకా పేరు కూడా పెట్టలేదు. కామెర్లు తగ్గడం లేదు. పూటపూటకీ రక్తం తీస్తున్నారు. కామెర్ల అంకె పెరిగిందా తగ్గిందా అని డాక్టరమ్మ పాత రిపోర్టుల పక్కన పెట్టి స్క్రీన్ మీద చూసుకుంటోంది. మరీ పెరిగితే వెంటనే రక్తం మార్చాలి, ఆలస్యమైతే మెదడుకి ప్రమాదం అని ముందే చెప్పింది.

సరిగ్గా ఆ వారమే మా సర్వర్లని నడిపే సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ ఎక్కించాలి. వాయిదా వేయమని అడిగాను. పాత వెర్షన్‌కి కంపెనీవాళ్ళ సాయం ఆగిపోతోంది, కుదరదన్నారు.

పనికి ముందురోజు విశ్వకర్మ పూజ. ఆ రోజు మా ఊళ్ళో ఎవరూ పనిముట్టు ముట్టుకోరు. ఆటోల నుంచి క్రేన్ల దాకా అన్నిటికీ బొట్లు, దండలు. మేమూ చేస్తాం. ఒక ఏడాది ఎవరో లోపల అగరొత్తులు వెలిగిస్తే పొగ అలారం మోగి, సెక్యూరిటీవాళ్ళు మంటలార్పే సిలిండర్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. అప్పటి నుంచి కొబ్బరికాయ గుమ్మం బయటే. లోపల కుంకుమ పొడి కూడా రాలకూడదు కాబట్టి, నీళ్ళతో తడిపి ఒక్కో సర్వర్ ముందు మూత మీద ఒక్కో చుక్క పెడతాం.

ఈసారి బొట్లు పెట్టింది నేనే. మొదటిదానికి పెట్టాను, రెండోదానికి పెట్టాను. మూడోదానికి అప్పటికే ఉంది. తడిగా, గుండ్రంగా. మా సార్ సూర్యనారాయణ గారు ముందే పెట్టేసి ఉంటారనుకుని నాలుగోదానికి వెళ్ళిపోయాను. ఐదోదానికీ పెట్టాక, ఆయన గుమ్మం దగ్గర నిలబడి నా ఫోన్‌తోనే నన్ను ఫోటో తీశారు.

మధ్యాహ్నం ప్రసాదం తింటూ ఆయన అడిగారు.

"ఏటమ్మా, మూడోదానికి బొట్టెట్టనేదేటి?"

"మీరెట్టీసినారనుకున్నాను సార్."

"నానా? నాను గుమ్మం దాటి లోపలికే రానేదు కదా!"

ఇద్దరం వెళ్ళి చూశాం. మూడోదాని మూత శుభ్రంగా ఉంది. తుడిచిన మరక కూడా లేదు. ఫోటో తెరిచి పెద్దది చేశాను. నాలుగింటికి బొట్లున్నాయి, మూడోది ఖాళీ. ఆ గదిలోకి ఐడీ కార్డు గీకితేనే వెళ్ళగలం. ఆ లెక్క చూస్తే, ఇప్పుడు ఇద్దరం రావడం కాక, పొద్దుటి నుంచి నా పేరొక్కటే ఉంది. సార్ నవ్వి, పిల్ల బెంగతో నీ కళ్ళు భ్రమపడుతున్నాయన్నారు. నేనూ అదే అనుకుని, బొట్టు పెట్టేసి వచ్చాను.

కానీ నా కళ్ళతో చూశాను. తడి మెరవడం కూడా చూశాను.

మర్నాడు ఉదయం పని మొదలవ్వాలి. కొత్త వెర్షన్ ఎక్కించే ముందు, సర్వర్ లోపల బిగించి ఉన్న ప్రతి ఎలక్ట్రానిక్ కార్డూ దానికి సరిపడుతుందో లేదో చూసుకోవాలి. ఐదూ ఒకే రకం గనక మొదటిదాన్ని చూసి, అన్నిటికీ సరే అనుకున్నాం. ఒకసారి మొదలెడితే వరసగా తనే ఎక్కించుకుపోతుంది. మధ్యలో ఇరుక్కుంటే వెనక్కి రావడం ఉండదు. బయటి నుంచి ఎవరో వచ్చి బాగుచేసేదాకా ఆసుపత్రి స్క్రీన్లన్నీ చీకటే.

బటన్ మీద నా వేలు ఆగిపోయింది. మూడోదాన్ని విడిగా చూస్తానన్నాను. సార్‌కి చిరాకొచ్చింది.

"అన్నీ ఒక్క లారీలో దిగినియ్యి. ఇంకేటి సూత్తావు? టైం ఖరాబ్ సెయ్యకు."

కారణం అడిగితే ఏం చెప్పను? బొట్టు అని చెప్పలేను కదా. మొండికేసి చూశాను.

మూడోదానిలో డిస్కుల్ని నడిపే కార్డు వేరే రకం. ఎప్పుడో పాడైతే కంపెనీవాళ్ళు మార్చి వెళ్ళినట్టున్నారు, మా ఇద్దరికీ ఆ సంగతే తెలియదు. సరిపడే కార్డుల జాబితాలో దాని పేరు లేదు. కొత్త వెర్షన్ ఎక్కితే ఆ సర్వర్ తన డిస్కుల్ని తనే గుర్తుపట్టేది కాదు. సార్ ఆ జాబితాని తనే మళ్ళీ మొదటి నుంచి చదివారు.  నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆ రోజు పని ఆపేశాం. స్టోర్‌లో పడి ఉన్న పాత సర్వర్‌లో సరిపడే కార్డు దొరికింది. మూడోదాని మీదున్న డేటాని మిగతా నాలుగింటి మీదకి సర్ది, కార్డు మార్చాం. తర్వాత ఐదూ కొత్త వెర్షన్‌కి వెళ్ళాయి, ఒక్క స్క్రీన్ కూడా ఆగలేదు.

కానీ అసలు సంగతి అది కాదు. మేము పని ఆపేసిన ఆ సాయంత్రమే పాప అంకె ఒక్కసారిగా ఎగబాకింది. డాక్టరమ్మ పొద్దుటి రిపోర్టుతో పోల్చి చూసి, అప్పటికప్పుడు రక్తం మార్చింది. స్క్రీన్ల మీద అన్నీ కళ్ళముందే ఉండబట్టి క్షణం కూడా ఆగలేదని తర్వాత తనే చెప్పింది.

నాకు తోచిన వివరణలన్నీ వేసుకున్నాను. ఎర్ర లైటు వెలుగు పడిందా? అక్కడ ఎర్ర లైటు లేదు. కార్డు మార్చినప్పుడు నేను చూసి మర్చిపోయానా? తర్వాత కంపెనీవాళ్ళ రికార్డు చూస్తే, అప్పటికి నేను ఉద్యోగంలోనే లేను. మిగిలింది బెంగ. బెంగకి నాలుగు సర్వర్లు వదిలి సరిగ్గా మూడోదే ఎందుకు తోచిందో నాకు తెలియదు.

పాపని ఇంటికి తెచ్చిన రోజు, మూడో సర్వర్ సంగతి విని తమ్ముడు అడిగాడు. వాడికి తెలుగు వస్తుంది, మనసు నిండితే మాత్రం హిందీయే.

"దీదీ, తుఝే కైసే పతా చలా?"

నీకెలా తెలిసింది, అని. బొట్టు, అన్నాను, అంతే. వాడు నా మొహం చూశాడు. పాపని తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. అది కళ్ళు కూడా తెరవకుండా నా వేలు పట్టేసుకుంది, గట్టిగా.