ఒకే ముహూర్తం, రెండు కౌంటర్లు

మా యజమానిగారికి రెండు కల్యాణ మండపాలు. ఒకటి అమలాపురంలో, ఇంకొకటి కొత్తపేటలో. ఏ ఊరి ఆఫీసుకి వెళ్ళినా ఏ మండపమైనా బుక్ చేసుకోవచ్చు. ఈ సౌకర్యం నా పుణ్యమే. రెండు ఆఫీసుల్లోనూ చెరొక డేటాబేస్ పెట్టి, ఇక్కడ రాసింది అక్కడికీ, అక్కడ రాసింది ఇక్కడికీ తనంతట తానే చేరేలా ఒక రెప్లికేషన్ టూల్ అమర్చాను. ఉచితంగా దొరికేదే. అయినా యజమానిగారు వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించేవారు. రాజోలులో మూడో మండపం కడుతున్నారు. అక్కడి కంప్యూటర్ల బాధ్యత నాకేనని ఇంట్లో చెప్పేశాను. ఆయన ఇంకా నాకు చెప్పలేదు, అంతే తేడా.

మాఘమాసపు ముహూర్తాలకి బుకింగులు జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక ఉదయం కొబ్బరి మట్ట పడి ఇంటర్నెట్ తీగ తెగింది. మా వైపు ఇది వార్త కాదు. లైను లేకపోయినా ఎవరి కాపీలో వాళ్ళు రాసుకోవచ్చు, లైను రాగానే టూలే కలిపేస్తుంది అని అందరికీ ధైర్యం చెప్పింది నేనే. వాళ్ళూ ధైర్యంగా రాశారు. కొత్తపేట మండపాన్ని పొద్దున్న అమలాపురంలో ఒక కుటుంబం, మధ్యాహ్నం కొత్తపేటలోనే ఇంకో కుటుంబం, అదే ముహూర్తానికి తీసుకున్నాయి. సాయంత్రం లైను వచ్చింది. టూల్ రెండు రికార్డులూ చూసి, తర్వాత రాసిందే నిజమని తేల్చి, మొదటిదాన్ని చప్పుడు కాకుండా చెరిపేసింది. అలా తేల్చమని సెట్టింగు పెట్టింది కూడా నేనే.

పది రోజులకి మొదటి పెళ్ళికూతురి తండ్రి శుభలేఖ ఇవ్వడానికి వచ్చారు. కంప్యూటర్లో ఆయన లేరు. ఆయన చేతిలో మా రసీదు ఉంది. అమలాపురం కౌంటర్లో కూర్చునే ఆవిడ, తెలుగు బీఏ, ఆయనకి కుర్చీ వేసి, రెండో కుటుంబానికి ఫోన్ చేసింది.

"పొరపాటు మాదేనండీ. మీకింకా శుభలేఖలు అచ్చవలేదు కదండీ? అమలాపురం మండపం ఖాళీగా ఉందండీ, ఏసీ కూడా కొత్తది. ఆయ్. ఆయ్. మీ మంచితనమండీ."

నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆ నాలుగు నిమిషాలూ నేను కేబుల్ సరిచేస్తున్నట్టు బల్ల కింద ఉన్నాను.

వేరే దారి చూడమన్నారు యజమానిగారు. పది రోజులు చూశాను. ఒక టూల్ గొడవని పసిగడుతుంది గానీ, జరిగిపోయాక. ఇంకొకటి ఒకవైపే రాయనిస్తుంది. లైను పోతే రెండోవైపు గోళ్ళు గిల్లుకోవాలి. మార్పులన్నిటినీ వరసలో పంపేది మరొకటి. గొడవ ఆలస్యంగా వచ్చినా వరస మాత్రం తప్పదు. అంతా క్లౌడ్‌లో పెట్టేద్దామంటే, దానికి మళ్ళీ కొబ్బరిచెట్టు అనుమతి కావాలి. ఇదంతా పదిహేడు స్లైడ్లు చేసి చూపిస్తున్నాను. ఆరో దాని దగ్గర కౌంటర్ ఆవిడ సెలవు చీటీ సంతకానికి వచ్చింది. కాసేపు నిలబడి చూసింది.

"ఏ మండపం డేట్లు ఆ ఊళ్ళోనే రాస్తే సరిపోదాండీ? పక్క ఊరివాళ్ళు ఖాళీ ఉందో లేదో చూసుకుంటారు, అంతే. రాయాలంటే మాత్రం ఫోన్ చేసి రాయించుకుంటారు."

యజమానిగారు నా వైపు తిరిగారు. "ఇది మీ బొమ్మల్లో ఎక్కడుందండీ?"

"పదిహేడోదాంట్లో వస్తుందండీ," అన్నాను. పదిహేడోదాంట్లో ధన్యవాదాలు ఉన్నాయి.

ఆ మాట నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. తట్టనందుకు కాదు బాధ. ఆవిడకి అంత తేలిగ్గా తట్టడమే బాధ. ఆ వారమంతా ఆవిడ చెప్పినదాంట్లో తప్పు వెతికాను. నా పనిని అంత శ్రద్ధగా నేనెప్పుడూ పరీక్ష చేయలేదు. తప్పు దొరకలేదు. చివరికి నేనే కూర్చుని ఆ పద్ధతి అమర్చాను. పని చేసింది. చేయకపోతే బాగుండునని రెండుసార్లు అనిపించింది.

నెలాఖరున యజమానిగారు పిలిచారు. "రాజోలు మండపం మన కౌంటర్ ఆవిడ చూసుకుంటారండీ. మీరు కాస్త సాయం చేసి పెట్టండి."

"ఆయ్," అన్నాను. ఇంట్లో ఏం చెప్పాలో ఆలోచిస్తూ బయటికొచ్చాను.

వరండాలో ఆవిడ ఎదురైంది. "మీరున్నారన్న ధైర్యంతోనే ఒప్పుకున్నానండీ. ఆ టూలూ గట్రా నాకేం తెలుసు?"

వెటకారమేమో అని మొహంలోకి చూశాను. లేదు. అసూయపడాలంటే అవతలివాళ్ళు కొంచెమైనా సహకరించాలి. ఆవిడ ఆ పాటి సాయం కూడా చేయలేదు.